పాదాల కొలతలు పంపు

బర్కత్‌పుర, హైదరాబాద్
ఆదివారం రాత్రి

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. జవాబు ఆలస్యమైనందుకు మన్నించు. అండమాన్ నుంచి తిరిగి వచ్చిన మరునాడే రాద్దామని కూర్చున్నాను గానీ, చెప్పవలసిన సంగతి మనసులో కుదుటపడక కాగితం పక్కన పెట్టేశాను. ఇంటి కబుర్లు ఒక్క ముక్కలో చెప్పేస్తాను: నాన్నగారి కంటి శుక్లం ఆపరేషన్ బాగా జరిగింది, అమ్మాయికి పరీక్షలు దగ్గర పడ్డాయి, పై వాటా వాళ్ళు ఖాళీ చేశారు. మిగతావి మళ్ళీ రాస్తాను.

ఫిబ్రవరిలో అమ్మనూ పిల్లలనూ తీసుకొని అండమాన్ వెళ్తున్నావనీ, బస ఎక్కడ చూసుకోవాలో, ఓడ టికెట్లు ఎప్పుడు కొనుక్కోవాలో చెప్పమనీ అడిగావు. అవి నీకు ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది, నాకు ఎవరూ చెప్పనిది ఒక్కటుంది: అక్కడ సముద్రంలో స్నార్కెలింగ్ చేయడానికి, అంటే మాస్క్ పెట్టుకొని గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి మీద తేలి కిందికి చూడడానికి, కాళ్ళకు ఏమి వేసుకోవాలి, వేసుకున్నాక ఆ కాళ్ళు ఎక్కడ పెట్టకూడదు అన్నది. నువ్వు ఇప్పుడు నాంపల్లి స్టేషన్ రెండో ప్లాట్‌ఫారాన్ని తలుచుకుంటున్నావని నాకు తెలుసు. ఆ చెప్పు సంగతి పక్కన పెట్టి, ఇది కాస్త శ్రద్ధగా చదువు.

బయలుదేరే ముందు సుల్తాన్ బజార్‌లోనూ ఆబిడ్స్‌లోనూ మూడు సాయంత్రాలు తిరిగాను. మన ఊళ్ళో వానాకాలపు చెప్పులకు కొదవ లేదు కదా. మడమ వెనక పట్టీ ఉన్న రబ్బరు శాండల్స్ ఒక జత ఎంచుకున్నాను. తడిసినా పాడు కావని దుకాణదారు చెప్పాడు, అది నిజమే. అయితే తడిసినా పాడు కాకపోవడం వేరు, నీళ్ళలో పనికి రావడం వేరు అన్న ఆలోచన ఆ రోజు నాకు తట్టలేదు. మా ఆవిడ మాత్రం అమ్మాయిని వెంటబెట్టుకొని ఊరి చివర ఉన్న ఒక పెద్ద క్రీడాసామగ్రి దుకాణానికి వెళ్ళి, పాదమంతా కప్పే ఆక్వా షూస్ రెండు జతలు తెచ్చింది. పైన జాలీగుడ్డ, కింద పలుచని రబ్బరు అడుగు, పాదం చుట్టూ బిగువుగా పట్టుకొనే అల్లిక. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. ఇంత పలుచని వస్తువు రాళ్ళ మీద ఏం ఆగుతుందని అనుకున్నాను.

మొదట నీల్ దీవికి వెళ్ళాము. ఇప్పుడు దాని పేరు షహీద్ ద్వీప్, 2018లో మార్చారు. అక్కడ లక్ష్మణ్‌పూర్ రెండో తీరంలో సముద్రం తొలిచిన రాతి వంతెన ఒకటి ఉంది. ఆ దీవిలో స్థిరపడిన బెంగాలీలు దాన్ని హౌరా వంతెన అని పిలుచుకుంటారు. నీరు వెనక్కి తీసిన వేళ చచ్చిన పగడపు రాళ్ళ మీదుగా చాలా దూరం నడవాలి. ఆ రాళ్ళు పైకి మొద్దుగా కనిపిస్తాయి గానీ అంచులు రంపపు పళ్ళలా ఉంటాయి, గుంటల్లో పచ్చని పాచి పట్టి ఉంటుంది. నా శాండల్‌లోకి రాతిపొడి చేరి పట్టీ కింద ఒరుసుకోవడం మొదలైంది. ఆ మంటకు కాలు సర్దుకోబోయి జారాను. చెప్పు కాలికే ఉంది, పాదం పక్కభాగం మాత్రం రాతికి తగిలింది. గీత చిన్నదే, రెండంగుళాలు కూడా లేదు. అయితే పగడం కోసిన గాయంలో కంటికి కనిపించని ముక్కలు ఉండిపోతాయి, అందుకే అది తొందరగా మానదు. మంచినీళ్ళతో బాగా కడిగి, మందు రాసి, ధనుర్వాతం సూది వేయించుకున్నాను. ఇది రాస్తున్న ఈ రాత్రికి కూడా అక్కడ చర్మం ఎర్రగానే ఉంది. అదే రాళ్ళ మీద మా అమ్మాయి ఆ పలుచని బూట్లతో మేకపిల్లలా వెళ్ళివచ్చింది.

ఆ సాయంత్రమే దీవిలోని చిన్న బజారులో నాకూ ఒక జత ఆక్వా షూస్ కొన్నాను. నంబరు ఏడు. హాస్టల్లో మనిద్దరమూ ఒకే జతతో ఇంటర్వ్యూలకు వెళ్ళొచ్చిన ఏడో నంబరే. ఎందుకు నవ్వుతున్నానని మా ఆవిడ అడిగింది గానీ చెప్పలేదు.

ఇక అసలు సంగతి.

హేవ్‌లాక్‌కు, అంటే స్వరాజ్ ద్వీప్‌కు వెళ్ళిన రెండో రోజు ఎలిఫెంటా తీరానికి పడవలో తీసుకెళ్ళారు. (ఎలిఫెంట్ తీరం అనాలట, మా అమ్మాయి ఇప్పుడే నా భుజం మీదుగా చదివి దిద్దింది. ఎలిఫెంటా అంటే ముంబయి దగ్గర గుహలున్న దీవి.) మాస్క్, గొట్టం, పట్టుకోవడానికి తేలే చక్రం ఇచ్చారు, ఫిన్స్, అంటే ఈదడానికి పాదాలకు తొడుక్కొనే తెడ్డుల్లాంటి రెక్కలు, ఇవ్వలేదు. మాతో వచ్చిన గైడు ఇరవై అయిదేళ్ళు దాటని కుర్రాడు. నీళ్ళలోకి దిగే ముందు నా కాళ్ళకేసి చూసి హిందీలో ఒక్క మాట చెప్పాడు: ఇవి నీళ్ళ దాకా నడవడానికి, నీళ్ళలో నిలబడడానికి కావు. నేను తల ఊపాను. విన్నాను గానీ పట్టించుకోలేదు. బావా, నీకు అబద్ధం రాయలేను. కాలికి గట్టి బూటు ఉందన్న ధైర్యం ఒళ్ళంతా పాకి ఉంది ఆ ఉదయం.

మొదటి పది నిమిషాలు ఎలా గడిచాయో మాటల్లో పెట్టలేను. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి; అక్కడి సముద్రం ఏడాది పొడవునా సుమారు 27 నుంచి 30 డిగ్రీల మధ్యనే ఉంటుంది. కింద జింక కొమ్ముల్లాంటి పగడాలు, వాటి సందుల్లో పసుపు నీలం చారల చేపలు, ఎండ కిరణాలు కదిలే వల లాగా వాటి మీద. చెవుల్లో నా ఊపిరి తప్ప మరో చప్పుడు లేదు. మా నాన్నగారికి ఇది చూపించలేకపోయానే అని కూడా అనిపించింది, ఆయన కుర్రతనంలో గోదావరి ఈదినవారు కదా, నీకు తెలుసు, ఆ లంక కథ... సరే, అది మరోసారి.

అప్పుడు మాస్క్ అంచున జుట్టు చిక్కుకొని నీరు లోపలికి వచ్చింది. ముక్కులోకి ఉప్పునీరు ఎక్కగానే బుద్ధి పనిచేయలేదు. చక్రాన్ని వదిలేసి, కాళ్ళు కిందికి దించి, లేచి నిలబడ్డాను. ఛాతీ లోతు నీళ్ళు. కుడి పాదం కింద ఏదో విరిగింది. చప్పుడు కాదు, అరికాలి గుండా మోకాలి దాకా తెలిసిన ఒక విరుపు. ఎండిన చెరకు ఆకుల మోపు మీద కాలు వేస్తే ఎలా ఉంటుందో అలా. బూటు తన పని తాను చేసింది. నాకు గీత కూడా పడలేదు.

ఆ కుర్రాడు వచ్చి నా చేతులను చక్రం మీదికి ఎత్తి, మాస్క్ ఖాళీ చేసి మళ్ళీ పెట్టి, నా కాళ్ళను నీటి మట్టానికి తేల్చాడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. మళ్ళీ కిందికి చూశాను. గోధుమరంగు కొమ్మల నడుమ మూడు చోట్ల తెల్లగా, విరిచిన కొబ్బరి ముక్కలాగా కొత్త విరుపులు. వాటి మీదికి అప్పుడే చిన్న చేపలు చేరుతున్నాయి.

ఒడ్డుకు వచ్చాక నేనే వెళ్ళి అడిగాను. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు రంగు వెలిసి తెల్లబడిపోయాయట. ఆ తరువాత మెల్లగా కోలుకున్న చోట్లలో అదీ ఒకటని చెప్పాడు. కొమ్ముల పగడమైతే ఏడాదికి పది సెంటీమీటర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా పెరుగుతుంది, గుండ్రని బండ పగడమైతే ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటుగానే. నేను నిలబడింది కొమ్ముల మీద కాబట్టి నయమని అతడు నన్ను ఓదార్చాడు. నాకు ఓదార్పు కలగలేదు. మన దేశపు రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే ఉన్నాయని ఇంటికి వచ్చాక తెలిసింది. తెలిసిన రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకని, బావా, నువ్వు కొనేటప్పుడు రెండు పనులను విడదీసి ఆలోచించాలి. ఒడ్డు నుంచి నీళ్ళలోకి నడవడం ఒక పని, నీళ్ళలో తేలుతూ కదలడం మరో పని. ఒకే జత రెంటికీ చాలదు. మొదటి పనికి ఆక్వా షూస్ చాలు. వేళ్ళు మూసుకొని ఉండాలి, వేళ్ళ ముందు రబ్బరు అంచు కాస్త పైకి మడిచి ఉండాలి, అడుగును చేత్తో వంచితే వంగాలి గానీ బొటనవేలితో కింద నుంచి నొక్కితే లోపలికి తెలియకూడదు. అడుగున, పక్కలా నీరు పోయే దారి ఉండాలి. నీళ్ళలో నానాక గుడ్డ వదులవుతుంది కాబట్టి దుకాణంలో కొంచెం బిగువుగా ఉన్నదే తీసుకో. రెండు నంబర్ల మధ్య సందేహం వస్తే చిన్నది తీసుకో, వేళ్ళు మాత్రం ముడుచుకోకూడదు. వదులుగా ఉంటే ఇసుక చేరుతుంది, ఇసుక చేరితే బొబ్బలు. ఒక్క హెచ్చరిక: సీ అర్చిన్లనే సముద్రజీవుల నల్లని పొడుగు ముళ్ళను ఏ పలుచని అడుగూ ఆపలేదు. కాలు పెట్టే చోటు చూసుకోవలసిందే. ఇసుక అడుగున్న చోట కాలు ఎత్తి వేయకుండా ఈడ్చుకుంటూ నడిస్తే అడుగున దాగిన టెంకి చేపలు (తోకకు ముల్లుండే స్టింగ్ రేలు) ముందే తప్పుకుంటాయి.

రెండో పనికి ఫిన్స్ కావాలి. అవి ఉంటే మనిషి నిలబడాలని అనుకోడు. ఒక్క తన్నుకు ముందుకు సాగిపోతాడు. వీటిలో రెండు రకాలు. పాదమంతా దూరే రబ్బరు జేబు ఉన్నవి ఒట్టి కాళ్ళకు వేసుకొనేవి. తేలికైనవి, పడవ మీద నుంచి దిగేవాళ్ళకు ఇవే మేలు. మడమ వెనక పట్టీ ఉన్నవాటికి లోపల నియోప్రీన్ అనే మెత్తని రబ్బరు బూట్లు వేసుకోవాలి. రాళ్ళ ఒడ్డు నుంచి నడిచి దిగేవాళ్ళకు అవి బాగుంటాయి గానీ పెట్టెలో బరువు. అంత వెచ్చని నీళ్ళకు మందమైన నియోప్రీన్ అక్కరలేదు, మూడు మిల్లీమీటర్లు చాలు. మీరు పడవలోనే వెళ్తారు కాబట్టి పిల్లలకు మొదటి రకమే కొను. వేళ్ళ మీద, చీలమండ మీద ఒరుసుకోకుండా లోపల పలుచని ఈత మేజోళ్ళు వేయించు. ఆక్వా షూస్‌తో ఆ జేబులోకి కాలు దూరదు. మా ఆవిడ ప్రయత్నించి చూసింది. మడమ లేవకూడదు, వేళ్ళు నలగకూడదు, అంతే. ఫిన్స్ వేసుకొని ఒడ్డున ముందుకు నడవవద్దని పిల్లలకు చెప్పు, పడిపోతారు. నడుము లోతు నీళ్ళలోకి వెళ్ళాకే తొడుక్కోవాలి.

మా ఆఖరి రోజున నేను ఫిన్స్ అద్దెకు తీసుకొని, మా బస ముందున్న ఇసుక తీరంలో, పగడాలు లేని చోట, రెండు గంటలు ఒక్కటే సాధన చేశాను: మాస్క్‌లోకి కావాలని నీరు రానిచ్చి, నిలబడకుండా తల పైకెత్తి, ముక్కుతో గాలి ఊది ఖాళీ చేయడం. పదిహేను సార్లు తప్పాక వచ్చింది. పిల్లలకు ఇది మీ ఊరి ఈతకొలనులోనే నేర్పి తీసుకెళ్ళు. ఈ ఉత్తరంలో ఇంకేదీ గుర్తు లేకపోయినా ఫర్వాలేదు, ఇది చెయ్యి.

అమ్మ సంగతి. ఆమెకు చక్కెర జబ్బు పదేళ్ళుగా ఉందని, అరికాళ్ళు మొద్దుబారుతున్నాయని పోయిన ఉత్తరంలో రాశావు. ఆమె నీళ్ళలో దిగకపోవచ్చు. అద్దం అడుగున్న పడవల్లో కూర్చొని కూడా పగడాలు చూడవచ్చు. అయినా ఒట్టి కాళ్ళతో ఇసుక మీద ఒక్క అడుగు కూడా వేయనివ్వకు. మధ్యాహ్నపు ఇసుక కాల్చినా ఆమెకు తెలియదు, పగడపు ముక్క గుచ్చుకున్నా తెలియదు. వేళ్ళు మూసిన మెత్తని బూటు ఉండాలి, వేసే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి ఇసుక రేణువు కూడా లేకుండా చూడాలి, విప్పాక మంచినీళ్ళతో కాళ్ళు కడిగి వేళ్ళ సందులు పొడిగా తుడవాలి. ఆ పని నువ్వే చెయ్యి. హాస్టల్‌కు వచ్చినప్పుడల్లా మనిద్దరికీ గోంగూర పచ్చడి తెచ్చిన కాళ్ళు అవి.

తడి బూట్లకు గుడ్డసంచి పెట్టుకో; జాలీ బాయ్ దీవికి వెళ్తే పడవ ఎక్కే వండూర్‌లో ప్లాస్టిక్ సంచులు రానివ్వరు. మా జతలు ఇప్పుడు వంటింటి వెనక నీడలో వేలాడుతున్నాయి. ఎండలో పెడితే రబ్బరు పెళుసుబారుతుంది. నాలుగు సార్లు కడిగినా కుడి బూటులోంచి ఇంకా తెల్లని పొడి రాలుతోంది. అది ఇసుకో, అదో, తెలియడం లేదు.

అమ్మకు బూట్లు నేను ఇక్కడి నుంచి కొని పంపుతాను, వద్దనకు. కొలత మాత్రం సరిగ్గా పంపు. సాయంత్రం పూట తీసుకో, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. కాగితం నేల మీద పరిచి, ఆమెను కూర్చోబెట్టకుండా నిలబెట్టి, పెన్సిల్ నిలువుగా పట్టుకొని చుట్టూ గీయి. రెండు పాదాలూ గీయి. ఒకటి పెద్దగా ఉంటుంది, దానికే కొంటాను. పిల్లలవి కూడా... నాన్నగారు కంట్లో చుక్కల మందు వేయమని పిలుస్తున్నారు. వేళ తప్పకూడదట. ఉంటాను.

నీ
ఏడో నంబరు