మామిడికాయల క్యూలోంచి లేచొచ్చిన తమ్ముడికి

కళ్లు మండుతున్నాయి, రాత్రంతా నిద్ర లేదు. అయినా ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పటికీ రాయనని కూర్చున్నా. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో, కోల్డ్ స్టోరేజీల్లో కంప్యూటర్లు చూసుకునేవాళ్లకు పనికొస్తుంది కాబట్టి అసలు సంగతీ వివరంగానే రాస్తాను.

మైనస్ 18 డిగ్రీల్లో ఉండాల్సిన గది మైనస్ 9కి వచ్చేసింది. ఫోన్‌కు ఒక్క మెసేజీ రాలేదు. గది కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ మాత్రం తన టెక్స్ట్ ఫైల్లో 'హై టెంప్ యాక్టివ్' అని ఇంగ్లీషులో నిక్షేపంలా రాసుకుంటూనే ఉంది. ఆ మాట కనబడగానే కేక పెట్టాల్సిన మా మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ జాబిక్స్‌లో చూస్తే అంతా పచ్చగా ఉంది.

అప్పుడు వచ్చాడా అబ్బాయి. తోతాపురి లోడుతో వాళ్ల నాన్న ట్రాక్టరు మా గేటు బయట క్యూలో ఉంది. ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటానని లోపలికొచ్చాడు. స్క్రీన్ వంక ఒక నిమిషం చూసి, "అన్నా, నేను బెంగళూరులో చేసేది ఈ పనే, చూడమంటావా?" అన్నాడు. ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చుంటే మూడు గంటలు లేవలేదు. బయట వాళ్ల కాయ ఎండకు వాడిపోతోంది. లోపల ఆయన మా సరుకు కాపాడుతున్నాడు. ఈ మాట రాస్తుంటేనే గొంతు పట్టేస్తోంది.

మొదట ఆయన ముట్టుకుంది ఫైల్ పేరు. పోయిన నెల కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక రోజుకో కొత్త ఫైలు మొదలైంది, పేరులో తేదీతో సహా. జాబిక్స్‌లో ఏం చూడాలో చెప్పే ఎంట్రీని ఐటెమ్ అంటారు, ఎలా చూడాలో చెప్పేది అందులోని కీ. మా ఐటెమ్‌లో ఉన్నది 'లాగ్' కీ. అది ఒకే ఫైలును చూస్తుంది. ఆ పాత ఫైలు ఫోల్డర్‌లోనే పడి ఉంది కాబట్టి ఎర్రరూ రాలేదు. దాన్ని తీసేసి ఉంటే ఐటెమ్ 'నాట్ సపోర్టెడ్' అయి అప్పుడే దొరికిపోయేది. ఇలా పేరు మారే ఫైళ్లకు 'లాగ్‌ఆర్‌టీ' కీ వాడాలి. అందులో ఫైల్ పేరును రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా (అంటే పేరు ఎలా ఉండాలో చెప్పే నమూనాగా) ఇవ్వాలి, విండోస్‌లో ఫోల్డర్ దారి మాత్రం ఉన్నదున్నట్టు. 'అలారం' అని మొదలయ్యేవన్నీ అని వదులుగా ఇస్తే పక్కనున్న జిప్ ఫైలు కూడా తగులుకుంటుంది. అలారం, అండర్‌స్కోర్, ఎనిమిది అంకెలు, చుక్క, టీఎక్స్‌టీ అని ముందూ వెనకా బిగించి రాశాడు.

అయినా ఏమీ దొరకలేదు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మాట ఎదురుగా కనబడుతోంది, జాబిక్స్‌కు కనబడదు! అప్పుడాయన విండోస్ కమాండ్లు కొట్టే పవర్‌షెల్‌లో, ఫైల్లోని బైట్లను ఉన్నవున్నట్టు చూపించే ఫార్మాట్-హెక్స్‌తో ఆ ఫైలు తెరిచాడు. 'హై' అన్న నాలుగు ఇంగ్లీషు అక్షరాల చోట 48 00 49 00 47 00 48 00 అని ఉంది. "ఈడ చూడన్నా, ప్రతి అచ్చరం ఎనక ఒక సున్నా ఉండాది" అని స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక్కో జత చూపించాడు. అప్‌డేట్ తర్వాత ఫైలు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) యూటీఎఫ్-16లోకి మారింది. మామూలు అక్షరాల వరస కోసం వెతికేదానికి మధ్యలో సున్నాలొస్తే అది వేరే మాటే. నోట్‌ప్యాడ్ ఎన్‌కోడింగ్ తనే కనిపెట్టి చూపిస్తుంది కాబట్టి మన కంటికి తేడా తెలీదు. కీలో బ్రాకెట్ల మధ్య కామాలతో ఇచ్చే వాటిలో మూడోది ఎన్‌కోడింగ్. అందులో యూటీఎఫ్-16ఎల్‌ఈ అని ఇవ్వగానే మొదటి లైను వచ్చి పడింది.

సేవ్ కొట్టకముందే అదే కీలో అయిదో చోట 'స్కిప్' పెట్టాడు. అది లేకుంటే కొత్త ఐటెమ్ పాత ఫైళ్లన్నీ మొదట్నుంచి చదువుతుంది. ఫైలు చదివి సర్వర్‌కు పంపే జాబిక్స్ ఏజెంటు మామూలుగా సెకనుకు 20 లైన్లే పంపుతుంది. 72,000 పాత లైన్లు తగిలితే అవి పోవడానికే గంట. ఆ గంటలో నిజమైన అలారం వచ్చినా వెనకాల వరసలో నిలబడాల్సిందే. (వరస గురించి ఆయనకు వేరే చెప్పాలా!)

ఇంకో మెలిక. అలారం తీరిపోయినప్పుడు వచ్చే లైను 'హై టెంప్ క్లియర్డ్'. 'హై టెంప్' ఉంటే చాలని ట్రిగ్గర్ (అలారం మోగించే షరతు) రాస్తే గది చల్లబడినా అలారమే మోగుతుంది. పోనీ ఐటెమ్‌లోనే 'యాక్టివ్' ఉన్న లైన్లు మాత్రం వడకడితే, క్లియర్డ్ లైను సర్వర్‌కు చేరనే చేరదు, ట్రిగ్గర్ ఎప్పటికీ దిగదు. అందుకని ఐటెమ్‌లో రెండు రకాల లైన్లూ రానివ్వాలి. ట్రిగ్గర్‌లో ప్రాబ్లమ్‌కు 'యాక్టివ్', రికవరీకి 'క్లియర్డ్' వెతకాలి.

కంట్రోలర్ సాఫ్ట్‌వేరే కొయ్యబారిపోతే? లైనే రాదు, అలారమూ ఉండదు. ఇది నిమిషానికో రీడింగ్ రాస్తుంది కాబట్టి ఆ రీడింగుల కోసం ఇంకో ఐటెమ్ పెట్టి, 10 నిమిషాలు ఏమీ రాకపోతే మోగేలా 'నోడేటా' ట్రిగ్గర్ కట్టించాడు. నన్నడిగితే మొత్తంలో దీనికే ఎక్కువ మార్కులు.

పరీక్ష చేసేటప్పుడు నోట్‌ప్యాడ్‌లో తెరిచి, లైను కొట్టి సేవ్ చేయకండి. ఫైలు మొత్తం తిరగరాసినట్టవుతుంది, ఏజెంటు దాన్ని మొదట్నుంచి చదివే ప్రమాదం ఉంది. పవర్‌షెల్‌లో యాడ్-కంటెంట్‌తో, ఎన్‌కోడింగ్ యూనికోడ్ అని ఇచ్చి చివర ఒక లైను చేర్చండి. ఈ ఐటెమ్‌లు యాక్టివ్ రకంలోనే, అంటే ఏజెంటే సర్వర్‌కు పంపే రకంలోనే పనిచేస్తాయి. ఏజెంటు నుంచి సర్వర్ 10051 పోర్టుకు దారి ఉండాలి, కాన్ఫిగ్‌లో హోస్ట్ పేరు పెద్దక్షరం చిన్నక్షరంతో సహా సర్వర్‌లో ఉన్నట్టే ఉండాలి. ఉబుంటు వాళ్లయితే జాబిక్స్ యూజర్‌ను ఏడీఎం గ్రూపులో చేర్చి ఏజెంటు రీస్టార్ట్ చేయండి, లేకుంటే అది సిస్‌లాగ్ (సిస్టమ్ లాగ్ ఫైలు) చదవలేదు.

ఇక కడుపు మంట. ఆ కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఏటా ఏఎంసీ (మెయింటెనెన్స్ కాంట్రాక్టు) కడుతున్నాం. ఫైల్ పేరు మారిందనీ, ఎన్‌కోడింగ్ మారిందనీ ఒక్క ముక్క చెప్పినవాళ్లు లేరు. టికెట్ పెడితే 'మా సాఫ్ట్‌వేర్ లాగ్ రాస్తోంది, మీ మానిటరింగ్ మా పరిధి కాదు' అని మూసేశారు. మళ్లీ తెరిస్తే కొత్త నంబరు, అదే ఫారం, అదే సీరియల్ నంబరు. ఆ సీరియల్ నంబరు ఇప్పుడు నిద్రలో లేపినా చెబుతా.

డబ్బులివ్వబోతే ఆ అబ్బాయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పోనీ మీ ట్రాక్టరు ముందుకు తెప్పిస్తానంటే, "వద్దన్నా, మా ముందర నిన్నటి నుంచి నిలబడినోళ్లు ఉండారు" అని వెళ్లి మళ్లీ నాన్న పక్కనే కూర్చున్నాడు. పేరు రాయొద్దన్నాడు, రాయను. నీకు జన్మజన్మలా రుణపడి ఉంటాను తమ్ముడూ.

ఇంట్లోవాళ్లు అన్నం పంపారు, నా థాంక్స్ చెప్పకపోయినా వాళ్లకు తెలుసు.

అన్నట్టు, కంప్రెసర్ రిలే మార్చిన ఎలక్ట్రీషియన్ అన్నకు థాంక్స్. ఆయన లేకపోతే అలారం మోగినా గది చల్లబడేది కాదు. గంటగంటకూ చేతి థర్మామీటరుతో లోపలికెళ్లి రీడింగ్ రాసిన నైట్ డ్యూటీ పిల్లలకూ. అయ్యో, రాత్రి రెండింటికి టీ కాచి పంపిన క్యాంటీన్ అక్కను మరిచేపోయా.

తమ్ముడూ, నీ చార్జర్ ఇక్కడే ఉండిపోయింది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లకు ఇచ్చి ఉంచాను, తీసుకో.