కలెక్టర్ గారూ, మా తమ్ముడి బొమ్మలను పిల్లల మూలలో పెట్టించకండి

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మా తమ్ముడికి 26 ఏళ్లు. ఆటిజం ఉంది. బొమ్మలు వేస్తాడు, అదే వాడి పని.

ఒక వారం బొగ్గుతో కైలాసగిరి గీస్తే, మరో వారం ఫిషింగ్ హార్బర్‌లో పారేసిన వల ముక్కల్ని అట్ట మీద కుడతాడు. లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక వెళ్లొచ్చాక లక్క పిచ్చి పట్టింది. లేత్ మిషన్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే రంగు కరిగి కర్రకి పట్టేస్తుంది. అది చూస్తూ అన్నం మాటే ఎత్తలేదు. ఎర్రమట్టి దిబ్బల రంగు కోసమైతే పెద్ద కుస్తీయే పట్టాడు. (మట్టి తేలేదండీ, రంగులే కలిపాడు.)

ఆమధ్య ఊళ్లో ఒక ప్రదర్శనకి తీసుకెళ్తే, "ఇవన్నీ ఒకరే వేశారా? ఒక స్టైల్ అంటూ ఉండాలి కదమ్మా" అన్నారు. చివరికి 'ప్రత్యేక బాలల' మూలలో పెట్టారు, ధర చీటీ కూడా లేకుండా. 26 ఏళ్లవాడు బాలుడా? పైగా స్పీకర్ల హోరుకి వాడు చెవులు మూసుకుని మెట్ల కింద కూర్చుండిపోయాడు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. దివ్యాంగ కళాకారులకి వసతులు, స్పాన్సర్‌షిప్ గురించి 29వ సెక్షన్ స్పష్టంగానే చెబుతోంది. కాబట్టి జిల్లాలో ప్రభుత్వం పెట్టే ప్రదర్శనల్లో ఇలాంటివారి బొమ్మల్ని అందరి బొమ్మల మధ్యే, ధరతో పెట్టించండి. రోజూ ఓ గంట మైకులు ఆపించండి. ప్రశంసాపత్రాలు మా ఇంట్లో చాలానే ఉన్నాయి. ఒక్క బొమ్మ అమ్ముడుపోతే రంగుల ఖర్చయినా వస్తుంది.

ఇట్లు,
ఒక అక్క, పెదవాల్తేరు