ఆకు చూడకుండా అమ్మిన మందు గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఇంట్లో పెంచుకునే మిరప కిట్‌లో ఉప్పు నిండిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు), నల్లి (ఆకు రసం పీల్చే కంటికి కనబడని జీవి) పట్టిన నారు, లేబుల్ లేని పురుగుమందు పంపినందుకు, తప్పుడు సలహాలిచ్చి సీసాలు అమ్మినందుకు ఫిర్యాదు, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మేం నల్లకుంటలో ఉంటాం. పక్క అపార్ట్‌మెంట్ గోడ అడ్డం కావడంతో మా బాల్కనీలో ఎండ పడదు. అందుకే గ్రో లైటు, కుండీలు, కోకోపీట్ మిశ్రమం, మిరప నారు, పోషక ద్రావణం అన్నీ కలిపి మీరు అమ్మే కిట్ కొన్నాను. మాది ఖమ్మం వైపు మిర్చి పండించే కుటుంబం. మిరప ఆకు ఎటు ముడుచుకుంటే ఏం జరుగుతోందో చిన్నప్పటి నుంచీ చేలో చూస్తూ పెరిగాను. మీ వాళ్లతో నేను వాదించింది అందుకే. ఈ ఉత్తరం ఇంత వివరంగా రాస్తున్నదీ అందుకే.

మొదట ఆకులు వాలిపోయాయి. మధ్యాహ్నం వేడికి వాలి సాయంత్రానికి తేరుకునే వాలడం కాదు. పొద్దున్నే లైటు వేసేసరికే అన్ని ఆకులూ కాడల దగ్గర నుంచి కిందికి వేలాడుతున్నాయి. ఫొటోలు పంపితే మీ చాట్‌లో వచ్చిన జవాబు: నీళ్లు చాలడం లేదు, ఎక్కువ పొయ్యండి. కుండీ ఎత్తి చూశారా, బరువుగా ఉందా తేలిగ్గా ఉందా అని ఒక్కరూ అడగలేదు. కుండీ బరువుగానే ఉంది. వేలు లోపలికి పెడితే తడి తగులుతోంది. ఆకు పట్టుకుంటే నిండుగా, బిగుతుగా ఉండి వంగింది. నీళ్లు అందక వాడిన ఆకు అలా ఉండదు, పల్చబడి చేతిలో మెత్తగా మడతపడుతుంది, కుండీ ఒక్క చేత్తో లేస్తుంది. ఇక్కడ వేళ్లకు గాలి ఆడడం లేదు. ఎలా ఆడుతుంది? మీ కుండీ అడుగున నీళ్లు నిలిచే తొట్టి ఉంది కానీ ఎక్కువైన నీళ్లు బయటకు పోయే రంధ్రం లేదు. ఈ రెండు రకాల వాలడమూ ఫొటోలో ఒకేలా కనిపిస్తాయి. ఒకదానికి చేసే వైద్యం రెండోదాన్ని చంపుతుంది. మీ సలహా వింటే వేళ్లు కుళ్లిపోయేవి.

అడుగున రంధ్రాలు వేయించాను. నీళ్లు తగ్గించాను. వాలడం కొంత తగ్గింది గానీ ముదురు ఆకుల అంచులు మాడడం మొదలైంది, కోకోపీట్ పైన తెల్లటి పొర కట్టింది. అప్పుడు అనుమానం వచ్చి, ఇంకా విప్పని మీ కోకోపీట్ సంచి ఒకటి తీసి మా నల్లా నీళ్లలో నానబెట్టి వడగట్టాను. నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపడానికి వాటర్ ఫిల్టర్ దగ్గర వాడే టీడీఎస్ మీటరు నల్లా నీళ్లలో 300 దాటి చూపించింది. సంచిలోంచి కారిన నీళ్లలో 3000 దాటింది. మీ పోషక ద్రావణం అందులో ఒక్క చుక్క కూడా కలవలేదు. వీడియో జతపరిచాను. మీటరు అంకె కూడా అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

కొబ్బరి పీచును చాలాచోట్ల ఉప్పు కలిసిన నీళ్లలో నానవేస్తారు. ఆ పొట్టులో సోడియం, పొటాషియం మిగిలిపోతాయి. మంచి నీళ్లతో కడిగి, తర్వాత కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి, మళ్లీ కడిగితే తప్ప అది కుండీకి పనికిరాదు. లేకపోతే మొక్కకు వేసిన కాల్షియాన్ని పొట్టే పట్టేసుకుంటుంది, పైగా ఉప్పు వల్ల వేళ్లు నీళ్లు పీల్చుకోలేవు. మిరప ఉప్పును ఓర్చుకోలేని పంట. మట్టి ద్రావణంలో లవణ వాహకత, అంటే ఉప్పు ఎంత ఉందో చెప్పే కొలత, మీటరుకు 1.5 డెసీసీమెన్స్ దాటిన దగ్గర నుంచే దిగుబడి పడిపోతుంది. కొలిచే పద్ధతుల్లో తేడా ఉందనుకున్నా, నా మీటరు అంకెను ఆ కొలతలోకి ఎలా మార్చి చూసినా 4 దాటుతోంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 ప్రకారం సిటీ కంపోస్టుకే 4 దాటకూడదని హద్దు ఉంది. కంపోస్టును మట్టిలో కలిపి వాడతాం. మీ సంచిలో అయితే మొక్క నేరుగా బతకాలి. సంచి మీద 'కడిగి శుద్ధి చేసినది' అని పెద్ద అక్షరాల్లో అచ్చు వేశారు.

ఇక ముడత సంగతి. నాకు బాగా కోపం వచ్చింది ఇక్కడే.

చిగురాకులు అంచుల నుంచి కిందికి ముడుచుకుని బోర్లించిన పడవల్లా అయ్యాయి. కాడలు సాగాయి, ఆకు అడుగు కంచు రంగులోకి తిరిగింది. మా ఊళ్లో దీన్ని కింది ముడత అంటారు. ఇది తెల్ల నల్లి చేసే పని. ఆకు పైకి ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగు (థ్రిప్స్ అనే చిన్న పురుగు) పని. ఆకులు చిన్నవై, పసుపెక్కి, మొక్క గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్‌ను అనుమానించాలి. ఇవి మిర్చి పండించే ఏ ఇంట్లోనైనా చెబుతారు. నల్లి మామూలు కంటికి కనిపించదు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పెట్టి చిగురు అడుగున చూస్తే లేత పసుపు చుక్కలు కదులుతూ కనిపించాయి. ముడత ముందు వచ్చింది మీరు పంపిన నారుకే. అదే లైటు కింద, మా నాన్న ఇచ్చిన విత్తనంతో నేను పెంచిన మొక్కలకు ఆ తర్వాతే అంటుకుంది. ఇంట్లో వేరే మొక్క లేదు. నల్లి మీ నారుతోనే వచ్చింది.

మీ వాళ్లు ఏమన్నారు? కాల్షియం, మెగ్నీషియం లోపం అన్నారు. ఒక సీసా కొనిపించారు. తగ్గలేదంటే, ముడతకు ప్రత్యేకమైన మందు అని ఇంకో సీసా అంటగట్టారు. రెండో సీసా మీద మందు పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, గడువు తేదీ లేదు, విషతీవ్రత తెలిపే రంగు త్రిభుజం లేదు, విరుగుడు ఏమిటో లేదు. ఫోన్ చేసి గట్టిగా అడిగితే ఇమిడాక్లోప్రిడ్ అన్నారు. అది తెల్లదోమ లాంటి రసం పీల్చే పురుగుల మీద పనిచేసే మందు. నల్లి పురుగుల జాతే కాదు, ఎనిమిది కాళ్ల జీవి, దాని మీద ఆ మందు పనిచేయదు. ఇదంతా పక్కన పెట్టండి. మా ఇంట్లో పాకే పిల్లవాడు ఉన్నాడు. మూసి ఉన్న గదిలో పేరు లేని విషం చల్లమని ఎలా చెప్పగలిగారు? పురుగుమందుల చట్టం 1968 కింద లేబుల్ లేకుండా మందు అమ్మడం నేరం. ఆ సీసా మూత తియ్యలేదు, అలాగే దాచాను.

2021-22 సీజన్‌లో ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్ చేలను నల్ల తామర పురుగు ఊడ్చేసింది. పూతలో దూరే ఆ కొత్త పురుగు ఏమిటో తేలేలోపే రైతులు దుకాణంలో ఎవరు ఏది ఇస్తే అది కొట్టారు, అప్పులపాలయ్యారు. ఆకు చూడకుండా మందు చెప్పేవాళ్లను నేను క్షమించలేకపోవడానికి కారణం అది. నాలుగు కుండీల విషయమే కదా అని మీరు అనుకోవచ్చు. ఇదే సలహా మీ చాట్ ఇంకెంతమందికి ఇస్తోందో ఆలోచించండి.

కిట్ ధర, ఆ రెండు సీసాల ధర పూర్తిగా వాపసు ఇవ్వాలి. కూపన్లు, పాయింట్లు నాకు అక్కర్లేదు. లేబుల్ లేని ఆ మందును అమ్మకం నుంచి వెంటనే తీసేసి, కొన్నవాళ్లందరికీ వాడొద్దని కబురు పెట్టాలి. నాకు వచ్చిన బ్యాచ్ కోకోపీట్ పరీక్ష నివేదిక పంపాలి. సలహా చెప్పే మీ సిబ్బంది ముందుగా కుండీ బరువు, ముడుచుకున్న దిక్కు, ముందు మాడింది ముదురాకా చిగురా, ఆకు అడుగున ఏముంది అని అడగాలి. వాళ్లకు ఇది నేర్పడానికి దూరం పోనక్కర్లేదు, మొక్కల ఆరోగ్యంపై శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ రాజేంద్రనగర్‌లోనే ఉంది.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా లేదు. సీసా విషయం వ్యవసాయ శాఖ అధికారులకు విడిగా రాస్తున్నాను.

బిల్లులు, చాట్ కాపీలు, ఫొటోలు, వీడియో జతపరిచాను. నల్లి పట్టిన మొక్కలను గాజు తలుపు వెనక విడిగా ఉంచాను. మీ మనిషిని పంపేటట్లయితే ఆదివారం పొద్దున పంపండి, భూతద్దం నా దగ్గరే ఉంది.

ఇట్లు,
మీ వినియోగదారురాలు,
నల్లకుంట, హైదరాబాద్