వార్షిక కార్యకలాపాల నివేదిక: ఫుట్‌బాల్ క్లబ్బుల జమాఖర్చులు, అప్పులు, టెలివిజన్ రాబడి

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించిన ప్రకారం మన అధ్యయన సంఘం ఈ సంవత్సరపు సమావేశాలన్నింటినీ ఐరోపా ఫుట్‌బాల్ క్లబ్బుల ఆర్థిక వ్యవహారాలకే కేటాయించింది. గత నివేదికలో మనం "క్లబ్బులను ముంచుతున్నది అప్పే" అని ఒక వాక్యం రాసుకున్నాం. ఏడాదిపాటు లెక్కలు చదివాక, ఆ వాక్యం తొందరపడి రాసినదని ఒప్పుకోవలసి వస్తున్నది. అప్పు చేసి పప్పుకూడు అనే మాట చిన్నప్పటి నుంచి మన నోట నానింది కనుక, అప్పు కనబడిన చోటల్లా తప్పు జరిగిందనే అనుకున్నాం. ఆ అప్పు దేనికోసం చేశారు, ఏ రాబడిని నమ్ముకుని చేశారు, ఆ రాబడి అప్పటికి చేతికి వచ్చిందా లేదా అన్న మూడు ప్రశ్నలు అడగలేదు. ఈ నివేదికలో చాలా భాగం ఆ మూడు ప్రశ్నలకు సంబంధించినదే.

ఇంగ్లండ్ క్లబ్బులు కంపెనీలుగా నమోదైనవి కనుక వాటి వార్షిక లెక్కలు బ్రిటన్ ప్రభుత్వపు కంపెనీల నమోదు సంస్థ కంపెనీస్ హౌస్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మన చదువు అక్కడే మొదలైంది. ఆట గురించి మాట్లాడుకోవలసిన చోట పద్దుల గోల ఏమిటని మొదటి రెండు సమావేశాలలో కొందరు సభ్యులు విసుక్కున్న మాట నిజమే. ఆ విసుగు ఆటగాళ్ల బదిలీ రుసుము దగ్గర తగ్గింది. ఒక ఆటగాణ్ణి 5 కోట్ల పౌండ్లకు కొని ఐదేళ్ల ఒప్పందం రాసుకుంటే, క్లబ్బు లెక్కలో ఆ ఖర్చు ఒకేసారి కనబడదు. ఏడాదికి కోటి చొప్పున ఐదేళ్లపాటు పడుతుంది. ఒప్పందాన్ని ఎనిమిదేళ్లకు పొడిగిస్తే ఏడాది ఖర్చు మరింత పలచబడుతుంది. 2022 తరువాత చెల్సీ క్లబ్బు చేసినది ఇదే, దానిని చూసి ఐరోపా ఫుట్‌బాల్ పాలక సంస్థ యూఈఎఫ్ఏ 2023లో ఈ పంపకాన్ని ఐదేళ్లకు పరిమితం చేసింది. కొనుగోలు ఇలా ఏళ్ల మీదకు పరుచుకుంటే, అమ్మకంలో వచ్చిన లాభం మాత్రం ఆ ఏడాదే మొత్తంగా జమ అవుతుంది. చిన్నప్పటి నుంచి క్లబ్బులోనే పెరిగిన ఆటగాడికి కొనుగోలు ధర లేదు కనుక అతణ్ణి అమ్మితే వచ్చిన ప్రతి పౌండూ లాభమే. అభిమానులు తమవాడని గుండెల్లో పెట్టుకున్న కుర్రవాడే గణకుడి కంటికి అన్నిటికంటే ముందు అమ్మదగ్గ సరుకుగా కనబడడానికి కారణం ఈ ఒక్క పద్ధతి. ఈ విషయం తెలిసిన రోజు సమావేశం అనుకున్న సమయానికి ముగియలేదు.

తరువాత నాలుగు సమావేశాలు టెలివిజన్ రాబడి మీద జరిగాయి. 1992లో ఇంగ్లండ్ మొదటి డివిజన్ క్లబ్బులు విడిపోయి ప్రీమియర్ లీగ్ పెట్టుకున్నప్పుడు తొలి ప్రసార ఒప్పందం విలువ ఐదేళ్లకు సుమారు 30 కోట్ల పౌండ్లు. 2025లో మొదలైన దేశీయ ఒప్పందం విలువ నాలుగేళ్లకు 670 కోట్ల పౌండ్లు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పత్రికలు రికార్డు అని రాశాయి. మన అధ్యయన ఉపసంఘం 2016–19 మధ్య నడిచిన ఒప్పందాన్ని కూడా తీసి చూసింది. అది మూడేళ్లకు దాదాపు 514 కోట్ల పౌండ్లు. ఏడాదికి లెక్క వేస్తే అప్పుడు 171 కోట్లు, ఇప్పుడు 167 కోట్లు. పైగా అప్పుడు సీజనుకు 168 మ్యాచ్‌లు ప్రత్యక్ష ప్రసారానికి ఇచ్చిన లీగ్, ఇప్పుడు 270 వరకూ ఇస్తున్నది. అంటే సొంత దేశపు టెలివిజన్ సొమ్ము దాదాపు పదేళ్లుగా ఉన్నచోటనే ఉన్నది, ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటే తగ్గింది కూడా. పెరుగుదల అంతా విదేశీ ప్రసార హక్కుల నుంచి వస్తున్నది. 2022లో మొదలైన మూడేళ్ల కాలంలో ఆ రాబడి దేశీయ రాబడిని మొదటిసారి దాటింది. "రికార్డు" అన్న మాట వినగానే ఎన్నేళ్లకు, ఎన్ని మ్యాచ్‌లకు అని అడగడం మన సభ్యులకు అలవాటైతే ఈ సంవత్సరపు కృషి చాలావరకు ఫలించినట్లే.

ఈ సొమ్మును క్లబ్బులు ఎలా పంచుకుంటాయన్నది మరొక ముఖ్యమైన విషయం. దేశీయ రాబడిలో సగం అన్ని క్లబ్బులకూ సమానంగా, పావు వంతు పట్టికలో స్థానాన్ని బట్టి, మిగిలిన పావు వంతు ఎన్ని మ్యాచ్‌లు ప్రత్యక్షంగా చూపించారన్న దానిని బట్టి పంచుతారు. అందువల్ల 2023–24లో చిట్టచివరి స్థానంలో నిలిచి కింది డివిజన్‌కు దిగిపోయిన షెఫీల్డ్ యునైటెడ్‌కు కూడా లీగ్ నుంచి సుమారు 11 కోట్ల పౌండ్లు అందాయి. విజేత మాంచెస్టర్ సిటీకి అందినది దాదాపు 17.5 కోట్లు. స్పెయిన్‌లో 2015 వరకు ఏ క్లబ్బుకు ఆ క్లబ్బే తన హక్కులను అమ్ముకునేది; రియల్ మాడ్రిడ్, బార్సిలోనా సింహభాగం పట్టుకుపోయేవి. ఆ ఏడాది ప్రభుత్వం తెచ్చిన డిక్రీతో అక్కడ కూడా ఉమ్మడి అమ్మకం వచ్చింది.

అయితే ఇంగ్లండ్ పంపకం లోపల సమానంగా ఉన్నంత మాత్రాన గడప దాటిన తరువాత కూడా సమానమేమీ కాదు. కింది డివిజన్ అయిన చాంపియన్‌షిప్ క్లబ్బుకు టెలివిజన్ నుంచి వచ్చేది ఇందులో చిన్న తునక. దిగిపోయిన క్లబ్బులకు లీగ్ రెండు మూడేళ్లపాటు సమాన వాటాలో కొంత భాగం, మొదటి ఏడు 55 శాతం, రెండో ఏడు 45 శాతం, మూడో ఏడు 20 శాతం, ఇస్తూ వస్తుంది. ఇది పడినవారికి ఊరట, పక్కవారికి శాపం. ఆ డబ్బుతో ఆడేవారితో పోటీ పడాలని మిగిలిన క్లబ్బులు స్తోమతకు మించి జీతాలు ఇస్తాయి. ఆటగాళ్ల, సిబ్బంది జీతాలే క్లబ్బుల మొత్తం ఆదాయాన్ని మించిపోయిన సీజన్లు చాంపియన్‌షిప్‌లో ఒకటి కాదు, చాలా ఉన్నాయి.

టెలివిజన్ సొమ్ము ఎగిరిపోయినప్పుడు ఏమవుతుందో తెలుసుకోవడానికి ఈ సంవత్సరం రెండు ఉదంతాలను లోతుగా చదివాం. మొదటిది బ్రిటన్ చందా టెలివిజన్ సంస్థ ఐటీవీ డిజిటల్. 2000లో ఈ సంస్థ కింది మూడు డివిజన్ల మ్యాచ్‌ల కోసం, వాటిని నడిపే ఫుట్‌బాల్ లీగ్‌కు మూడేళ్లలో 31.5 కోట్ల పౌండ్లు ఇస్తానన్నది. చందాదారులు అనుకున్నంతమంది చేరలేదు. 2002 మార్చిలో సంస్థ చేతులెత్తేసింది. అప్పటికి లీగ్‌కు ఇంకా రావలసినది 17.85 కోట్లు. ఆ సంస్థ వెనుక కార్ల్‌టన్, గ్రెనాడా అనే రెండు పెద్ద టెలివిజన్ కంపెనీలు ఉన్నాయి కనుక వాటి నుంచి రాబట్టుకోవచ్చని లీగ్ అనుకుంది. తీరా చూస్తే, ఆ యజమాన్య కంపెనీల పూచీకత్తు తుది ఒప్పందంలో లేదు. లీగ్ కోర్టుకు వెళ్లి ఓడిపోయింది. ఆ తరువాత స్కై ప్రసార సంస్థతో నాలుగేళ్లకు కుదిరిన ఒప్పందం విలువ 9.5 కోట్లు మాత్రమే. ఈలోగా క్లబ్బులు ఆ రావలసిన సొమ్మును చూసుకుని ఆటగాళ్లతో రెండేళ్ల, మూడేళ్ల ఒప్పందాలు రాసేసుకున్నాయి. సొమ్ము ఆగింది కాని ఒప్పందాలు ఆగలేదు.

రెండవది ఫ్రాన్స్ ఉదంతం. అక్కడి లీగ్ 2020 నుంచి నాలుగేళ్లకు ప్రధాన ప్రసార హక్కులను మీడియాప్రో సంస్థకు ఏడాదికి 80 కోట్ల యూరోలకు పైబడిన ధరకు అమ్మింది. 2020 అక్టోబరులోనే ఆ సంస్థ కిస్తీ కట్టలేదు, డిసెంబరులో ఒప్పందం రద్దయింది. మరుసటి వేసవిలో అవే మ్యాచ్‌లలో ఎక్కువ భాగం అమెజాన్‌కు ఏడాదికి 25 కోట్ల యూరోలకు దక్కాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి లీగ్ 2022లో తన వాణిజ్య సంస్థలో 13 శాతం వాటాను సీవీసీ అనే పెట్టుబడి సంస్థకు 150 కోట్ల యూరోలకు ఇచ్చింది. 2024లో డాజోన్ ప్రసార సంస్థతో కుదిరిన ఒప్పందం కూడా ఒక్క సీజనుతోనే ముగిసింది. చివరకు 2025లో లీగ్ తన సొంత ప్రసార సేవను మొదలుపెట్టుకుంది. పద్దెనిమిదేళ్ల తేడాతో, రెండు వేరు దేశాలలో, అందరికంటే ఎక్కువ ధర పలికినవాడినే ఎంచుకోవడం, అతని స్తోమతను విచారించకపోవడం ఒకే రీతిలో జరిగాయి. పిల్లనిచ్చే ముందు వరుడి ఇంటి పరిస్థితి ఆరా తీసేపాటి జాగ్రత్త కూడా ఇక్కడ కనబడదని ఒక పెద్దాయన అన్నారు. సమావేశ పుస్తకంలో ఆ మాటను నమోదు చేశాం.

లీడ్స్ యునైటెడ్ గురించి మూడు సమావేశాలు నడిచాయి. అది ఎక్కువేనని కార్యవర్గానికి తెలుసు. కాని మన గత వాక్యం తప్పని తేలింది ఆ చర్చలోనే. 2000 నవంబరులో ఈ క్లబ్బు ఆటగాడు రియో ఫెర్డినాండ్‌ను 1.8 కోట్ల పౌండ్లకు కొన్నది, 2001లో ఐరోపా అగ్రశ్రేణి క్లబ్బుల పోటీ అయిన చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ వరకు వెళ్లింది. అదే సీజనులో లీగ్ పట్టికలో మూడో స్థానాన్ని ఒక్క పాయింటు తేడాతో పోగొట్టుకోవడంతో మరుసటి ఏడాది చాంపియన్స్ లీగ్‌లోకి ప్రవేశం దొరకలేదు. అప్పటికే క్లబ్బు ఆ పోటీ ఏటేటా ఆడతామన్న లెక్కతో ఖర్చులు వేసుకుంది; 25 ఏళ్లపాటు రాబోయే టికెట్ల రాబడిని హామీగా పెట్టి సుమారు 6 కోట్ల పౌండ్ల అప్పు కూడా చేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న మాటకు ఇంతకంటే చక్కని లెక్కల రూపం మాకు దొరకలేదు. 2002లో ఫెర్డినాండ్‌ను అమ్మారు. మరొక ఆటగాడు రాబీ ఫౌలర్‌ను మాంచెస్టర్ సిటీకి ఇచ్చేసి కూడా అతని జీతంలో కొంత భాగం తామే కట్టారు. 2004లో జట్టు దిగిపోయింది. సొంత మైదానం ఎల్లండ్ రోడ్‌ను, శిక్షణ ప్రాంగణాన్ని కూడా అమ్ముకున్నారు. 2007లో మూడో అంచెకు పడిపోయింది. చైర్మన్ గదిలో అద్దెకు పెట్టుకున్న బంగారు చేపల గురించి అప్పట్లో పత్రికలు చాలా రాశాయి. చేపల అద్దె ఏడాదికి కొన్ని వందల పౌండ్లే. క్లబ్బును ముంచింది చేపలు కావు.

ఆర్సెనల్ కూడా అప్పు చేసింది. 2006లో తెరిచిన ఎమిరేట్స్ స్టేడియం కోసం చేసిన అప్పు లీడ్స్ అప్పు కంటే చాలా పెద్దది. ఆ అప్పుతో వచ్చిన 60 వేల సీట్లు ప్రతి మ్యాచ్‌కూ రాబడి తెస్తాయి, జట్టు నాలుగో స్థానంలో ఉన్నా ఆరో స్థానంలో ఉన్నా తెస్తాయి. ఆ కిస్తీల కాలంలో మంచి ఆటగాళ్లను అమ్ముకోవలసి వచ్చి, ట్రోఫీలు లేక అభిమానులు బాధపడ్డారు కాని క్లబ్బు నిలిచింది. మాంచెస్టర్ యునైటెడ్ అప్పు ఇంకొక రకం. 2005లో గ్లేజర్ కుటుంబం ఆ క్లబ్బును దాదాపు 79 కోట్ల పౌండ్లకు కొన్నప్పుడు అందులో పెద్ద భాగం అప్పు తెచ్చి, ఆ భారాన్ని అంతవరకూ అప్పులేని క్లబ్బు నెత్తినే పెట్టింది. ఆ అప్పుతో ఒక ఇటుక కూడా పేర్చలేదు. క్లబ్బు ఆదాయం అపారం కనుక వడ్డీ కట్టగలిగింది. వడ్డీ కింద పోయిన కోట్లతో పాతబడుతున్న తన మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌ను బాగుచేసుకొని ఉండవచ్చునన్నది మా అభిప్రాయం.

బార్సిలోనా 2021లో 130 కోట్ల యూరోలు దాటిన అప్పుతో, లీగ్ జీతాల పరిమితిలో ఇమడలేక మెస్సీని వదులుకుంది. మరుసటి ఏడాది తన లీగ్ టెలివిజన్ రాబడిలో 25 శాతాన్ని 25 ఏళ్లకు సిక్స్త్ స్ట్రీట్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మింది. ఇది అప్పు కాదు, ఆస్తి అమ్మకం అని క్లబ్బు చెప్పింది. పద్దుల భాషలో అది సరైనదే. కాని 2040లలో ఆ క్లబ్బును నడిపేవారికి, తాము బడికి వెళ్లే వయసులో ఖర్చయిపోయిన సొమ్ము తాలూకు వాటా ఏటా కట్టవలసి వస్తుంది. దీన్ని అప్పు కాదనడానికి మన ఉపసంఘంలో సగంమంది ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

పోర్ట్స్‌మత్ 2008లో ఎఫ్ఏ కప్ గెలిచి, 2010 ఫిబ్రవరిలో దివాలా పాలన కిందకు వెళ్లిన మొదటి ప్రీమియర్ లీగ్ క్లబ్బు అయింది. ఇంగ్లండ్‌లో ఇలాంటి సందర్భాలలో ఆటగాళ్ల, ఇతర క్లబ్బుల బాకీలు పూర్తిగా తీర్చాలన్న నియమం ఉన్నది. మిగిలినవారికి పౌండుకు కొన్ని పెన్నీలు. ఆ మిగిలినవారి జాబితాలో మైదానంలో ప్రథమ చికిత్స చేసే సెయింట్ జాన్ అంబులెన్స్ స్వచ్ఛంద సేవకుల సంస్థ కూడా ఉన్నది. పన్నుల శాఖ ఈ నియమాన్ని కోర్టులో సవాలు చేసి 2012లో ఓడిపోయింది. ఏడాది మొత్తంలో సభ్యులకు అన్నిటికంటే కోపం తెప్పించిన విషయం ఇదేనని సమావేశ పుస్తకం చూస్తే తెలుస్తుంది. 1885లో పుట్టిన బ్యూరీ క్లబ్బును 2019లో లీగ్ నుంచి తొలగించిన ఉదంతాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేశాం.

నియంత్రణ విషయం క్లుప్తంగా ముగించాం. మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకు మించిన నష్టాన్ని అనుమతించని ప్రీమియర్ లీగ్ నియమం కింద ఎవర్టన్‌కు 2023 నవంబరులో 10 పాయింట్లు కోసి, అప్పీలులో 6కు తగ్గించారు, తరువాత మరొక కేసులో ఇంకో 2 కోశారు. నాటింగామ్ ఫారెస్ట్‌కు 4 కోశారు. 2025 జులైలో వచ్చిన చట్టంతో ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌కు స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. దాని పనితీరు మీద తీర్పు చెప్పడానికి ఇది సమయం కాదు. జర్మనీలో ఓటు హక్కుల్లో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం కొనసాగుతున్నది. అక్కడి లీగ్ ప్రసార రాబడిలో వాటాను బయటి పెట్టుబడిదారుకు ఇవ్వబోతే అభిమానులు టెన్నిస్ బంతులు మైదానంలోకి విసిరి మ్యాచ్‌లు ఆపారు, 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆ ఆలోచన మానుకుంది. కోర్టు కాగితాలకంటే టెన్నిస్ బంతులు చవక అని ఒక యువ సభ్యుడు చేసిన వ్యాఖ్యను కార్యవర్గం సమర్థించడం లేదు, ఖండించడం కూడా లేదు.

మహిళల ఫుట్‌బాల్ ప్రసార హక్కుల మీద ఈ సంవత్సరం ఒక్క సమావేశం కూడా పెట్టకపోవడం మా లోపం. వచ్చే కార్యక్రమంలో మొదటి రెండు సమావేశాలను దానికే కేటాయించాలని, ఆ తరువాత బ్యూరీని తీసుకోవాలని ప్రతిపాదిస్తున్నాం.

గత నివేదికలోని వాక్యాన్ని తొలగించి, దాని స్థానంలో "క్లబ్బులను ఎక్కువగా ముంచినది ఇంకా చేతికి రాని రాబడిని నమ్ముకుని చేసిన ఖర్చు" అని సవరించాలన్న తీర్మానాన్ని సర్వసభ్య సమావేశం ముందుంచుతున్నాం. "ఎక్కువగా" అన్న మాట ఉండాలా వద్దా అన్న దాని మీద కార్యవర్గంలో ఏకాభిప్రాయం కుదరలేదు. ఆ నిర్ణయాన్ని సభ్యుల ఓటుకే వదిలివేశాం. తీర్మానం నెగ్గితే, పాత నివేదిక ప్రతులు ఉన్నవారికి అంటించుకోవడానికి సవరణ చీటీలు అందజేస్తాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి