చిన్నీకి, స్టీరింగ్ లూజు గురించి

చిన్నీ,

నువ్వు పంపిన వీడియో చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ విన్నాను. స్పీడ్ బ్రేకర్ల మీద కంటే చిన్న చిన్న గతుకుల మీదే ఎక్కువగా టక్ టక్‌మంటోంది, అదీ ఎడమ వైపు నుంచి. గ్యారేజీ వాళ్లు స్టీరింగ్ ర్యాక్ మొత్తం మార్చాలన్నారని, ఆ కొటేషన్ చూసినప్పటి నుంచి నీకు టెన్షన్ పట్టుకుందని అమ్మ చెప్పింది. నాకైతే ఆ చప్పుడు ర్యాక్‌ది అనిపించడం లేదు. అలాగని ఫోన్లో విని తీర్పు చెప్పేసే రకం కాదు నేను, బండి కింద చెయ్యి పెట్టి చూడాల్సింది నువ్వే. చూశాక అది టై రాడ్ ఎండ్ అని తేలితే నేనే మార్చుకుంటానంటున్నావుగా, మార్చుకో, చేతకాని పనేం కాదు. పార్టు మార్చడానికి ఎంతోసేపు పట్టదు, ఏ పార్టు పోయిందో పట్టుకోవడమే అసలు పని. అందుకే ఈ ఉత్తరంలో సగం దాని గురించే రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

మన ఆటోనగర్ షెడ్డుకు వచ్చే లారీల్లో స్టీరింగ్ బాక్సు, డ్రాప్ ఆర్మ్, డ్రాగ్ లింక్, కింగ్ పిన్నులు అంటూ పెద్ద సంసారం ఉంటుంది. డ్రైవరు దిగి "స్టీరింగ్ ఆడుతోంది మేస్త్రీ" అంటాడు, వాటిలో ఏది ఆడుతోందో తేల్చేసరికి సగం పూట గడిచిపోతుంది. నీ వ్యాగన్ ఆర్‌లో అంత గొడవ లేదు. నువ్వు స్టీరింగ్ తిప్పితే కింద పినియన్ అనే చిన్న పళ్ల చక్రం తిరుగుతుంది, దాని పళ్లు ర్యాక్ అనే పళ్ల కడ్డీని అటూ ఇటూ జరుపుతాయి, ఆ కడ్డీకి రెండు చివరలా ఒక్కో రాడ్డు ఉంటుంది, ఆ రాడ్డు బయటి చివర చక్రం నకిల్‌కి, అంటే చక్రాన్ని మోసే ఇనుప ముక్కకి, తగులుకుని ఉండేదే టై రాడ్ ఎండ్. లోపలి చివర, మడతలు మడతలుగా ఉన్న నల్ల రబ్బరు తొడుగులో, ఇంకో కీలు దాక్కుని ఉంటుంది. దాన్ని ర్యాక్ ఎండ్ అంటారు. ఆ కొటేషన్ మళ్లీ ఒకసారి తీసి అందులో ర్యాక్ అని రాశారో ర్యాక్ ఎండ్ అని రాశారో చూడు, ఎందుకంటే ఆ రెండింటి ధరకీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది. నీది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ కాబట్టి ఆయిలు కారడం, పైపులు పగలడం లాంటి బాధ ఎలాగూ లేదు.

టై రాడ్ ఎండ్ లోపల మన తుంటి కీలు లాగే గిన్నెలో గుండు కూర్చుని ఉంటుంది. చుట్టూ గ్రీజు, పైన రబ్బరు బూటు. బూటు బాగున్నంత కాలం ఏళ్ల తరబడి దాని జోలికి పోనక్కర్లేదు. బూటు చిరిగిందా, వానాకాలం నీళ్లు లోపలికి పోయి గ్రీజు కొట్టుకుపోతుంది, ఉన్న కాస్త గ్రీజులో ఇసుక కలిసి అదే గుండును అరగదీస్తుంది. కాబట్టి ముందు టార్చి వేసి బూట్లు చూడు. చిరిగి, చుట్టూ నల్లగా గ్రీజు చిమ్మి ఉంటే సగం జవాబు దొరికినట్టే. సగమే, ఎందుకంటే బూటు చిరిగినా కీలు ఇంకా గట్టిగా ఉన్నవి నేను చాలా చూశాను, బూటు నిగనిగలాడుతూ లోపల గుండు గలగల్లాడేవీ చూశాను.

తర్వాత పరీక్ష. బండి నేల మీదే ఉండాలి, జాకీ వద్దు. తాళం తిప్పి స్టీరింగ్ లాక్ వదిలించు, ఇంజన్ స్టార్ట్ చెయ్యకు, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగు. అల్లుణ్ని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్‌ని అటు కొంచెం, ఇటు కొంచెం, చక్రాలు తిరగనంతగా, ఆగకుండా ఆడించమను. నువ్వు చక్రం లోపలి వైపు చెయ్యి పోనిచ్చి టై రాడ్ ఎండ్ మీద బొటనవేలు, నకిల్ మీద మిగతా వేళ్లు ఉండేలా రెండింటినీ కలిపి పట్టుకో. బాగున్న కీలైతే రెండూ ఒక్కటిగా కదులుతాయి. అరిగిపోయిందైతే రాడ్డు ముందు కదిలి, నకిల్ ఆ వెనక కదులుతుంది, మధ్యలో ఒక చిన్న దెబ్బ నీ వేళ్లకు తగులుతుంది. కంటికి కనపడకపోవచ్చు, చెవికి వినపడకపోవచ్చు, వేళ్లకు మాత్రం తెలిసిపోతుంది. అలాగే మడతల రబ్బరు తొడుగును పైనుంచి గట్టిగా నొక్కి పట్టుకుని మళ్లీ ఆడించమను, దెబ్బ అక్కడ తగిలితే పోయింది ర్యాక్ ఎండ్. రెండు చోట్లా ఏమీ లేకుండా చప్పుడు మధ్యలో ర్యాక్ ఒంట్లోంచే వస్తుంటే గ్యారేజీ వాళ్లు చెప్పిందే నిజం, మారు మాట్లాడకుండా వాళ్లకే ఇచ్చెయ్.

ఇంకో పరీక్ష జాకీ మీద. ముందు చక్రం గాల్లోకి లేపి, కింద స్టాండు పెట్టాక, చక్రాన్ని గడియారంలో తొమ్మిదీ మూడూ ఉండే చోట పట్టుకుని ఊపు. ఇలా ఊపినప్పుడు మాత్రమే లూజుంటే అది స్టీరింగ్ కీళ్లది. పన్నెండూ ఆరూ ఉండే చోట పట్టుకుని ఊపినప్పుడు లూజుంటే అల్లుణ్ని బ్రేకు తొక్కి పట్టమను. తొక్కగానే లూజు మాయమైతే వీల్ బేరింగ్, తొక్కినా ఉంటే లోయర్ ఆర్మ్, అంటే చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే చెయ్యి, దాని బాల్ జాయింట్. ఇది చూడకుండా టై రాడ్ ఎండ్‌లు కొత్తవి వేసి, "అయినా చప్పుడు పోలేదు" అంటూ మళ్లీ వచ్చిన బళ్లు మా షెడ్డుకు లెక్కలేనన్ని.

స్టీరింగ్‌కి ఎంత ఆట ఉంటే ప్రమాదం అని అడిగావు కదా. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ రూల్ ప్రకారం స్టీరింగ్ ఖాళీ ఆట 30 డిగ్రీలు దాటకూడదు. అంటే గడియారంలో ఒక గంట దూరం. నన్నడిగితే పాత లారీలకు అది సరిపోతుందేమో గానీ, ఓఆర్ఆర్ మీద వందలో పోయే కారుకు అంత ఆట ఉంటే నేను ఎక్కను. చిన్న కారులో స్టీరింగ్ అంచు దగ్గర ఒక అంగుళం దాటి ఊరికే కదిలిందంటే అప్పుడే చూసుకోవాలి.

సరే, టై రాడ్ ఎండే అని తేలిందనుకుందాం. పార్టు కోసం రాణీగంజ్ వెళ్లేటప్పుడు ఆర్సీ ఫోటో ఫోన్లో పెట్టుకో, ఛాసిస్ నంబరు చెప్పి అడుగు, "వ్యాగన్ ఆర్‌ది ఇవ్వండి" అని మాత్రం అడగకు, ఏళ్లు గడిచేకొద్దీ మోడళ్లు మారాయి, పార్టులూ మారాయి. కంపెనీ జెన్యూన్ పార్టు తీసుకో, లేదంటే రానే వాళ్లది తీసుకో, మద్రాసు కంపెనీ, స్టీరింగ్ సామానులో పాత పేరు. పక్కనే సగం ధరకు ఇంకోటి చూపిస్తారు, పెట్టె అచ్చం అలాగే ఉంటుంది. సీటు కవర్ల దగ్గర బేరమాడు, దీని దగ్గర వద్దు. కొత్త టై రాడ్ ఎండ్‌కి నకిల్‌లో దూరే మర కడ్డీ ఉంటుంది, దాన్నే స్టడ్ అంటారు, అది పట్టుకుని వేళ్లతో తిప్పి చూడు, బిగువుగా, ఎక్కడా పట్టేయకుండా, ఒకే తీరుగా తిరగాలి. తేలిగ్గా గలగల్లాడితే వెనక్కిచ్చెయ్. పెట్టెలో కొత్త నట్టు, అది ఊడిపోకుండా అడ్డంగా దూర్చే కొత్త స్ప్లిట్ పిన్ను ఉన్నాయో లేదో అక్కడే చూసుకో. కుడి ఎడమలు వేరు వేరుగా ఉండే బళ్లు ఉన్నాయి కాబట్టి అదీ అడుగు.

ముందు రోజు రాత్రే, టై రాడ్ ఎండ్‌ను రాడ్డు మీద కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్టు మీద, మరల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలెయ్. పొద్దున సెల్లార్‌లో చదునుగా ఉన్న చోట బండి పెట్టు, ర్యాంపు మీద వద్దు. ఫస్ట్ గేర్, హ్యాండ్ బ్రేక్, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చెయ్యి, తర్వాత లేపు. బండితో వచ్చే జాకీ పంచరు పడితే స్టెప్నీ మార్చుకోడానికి ఇచ్చింది, దాన్ని నమ్ముకుని కింద తల పెట్టడానికి కాదు. జాక్ స్టాండు కొను లేదా అద్దెకు తెచ్చుకో, ఊడదీసిన చక్రాన్ని కూడా బండి అంచు కిందకి తోసి పెట్టు. ఇందులో వాదన లేదు.

ఇప్పుడు లాక్ నట్టు. రాడ్డును ఒక పానాతో పట్టి, ఇంకో పానాతో లాక్ నట్టును పావు చుట్టు మాత్రమే వదులు చెయ్యి, అంతకన్నా తిప్పకు. అదెక్కడ ఉందో అదే నీకు గుర్తు. మరల మీద నెయిల్ పాలిష్‌తో ఒక గీత కూడా పెట్టు, మా షెడ్డులో తెల్ల పెయింటు వాడతాం, మీ ఇంట్లో అది ఎక్కడుంటుంది. తర్వాత కటింగ్ ప్లేయర్‌తో స్ప్లిట్ పిన్ను లాగెయ్, పైన కోటబురుజులా ఉండే నట్టు వదులు చెయ్యి, కానీ పూర్తిగా తీసేయకు, నాలుగు మరల మీద ఉండనీ. స్టడ్ నకిల్‌లో టేపర్‌గా, అంటే ఒక వైపు సన్నబడే ఆకారంతో, బిగుసుకుని ఉంటుంది, ఊరికే రాదు. దాన్ని ఊడలాగే చిన్న పుల్లర్ దొరికితే హాయి. లేకపోతే సుత్తితో కొట్టాలి, ఎక్కడ కొట్టాలో మాత్రం జాగ్రత్తగా చదువు. స్టడ్ మీద కాదు, నట్టు మీద కాదు, స్టడ్ దూరిన నకిల్ చెవి పక్కన, అడ్డంగా కొట్టాలి. అవతలి పక్క బరువైన ఇంకో సుత్తి ఆనించి ఇవతల నుంచి గట్టిగా కొడితే ఆ చెవి ఒక్క క్షణం సాగి, టేపర్ టప్‌మని వదిలేస్తుంది. నాలుగు మరల మీద నట్టు ఉంచమన్నది ఇందుకే, అది లేకపోతే రాడ్డు ఊడి నీ చేతి మీద పడుతుంది. ఒక్కోసారి నట్టుతో పాటు స్టడ్ కూడా గిరగిరా తిరుగుతుంది, అలాంటప్పుడు కింది నుంచి చిన్న జాకీతో టై రాడ్ ఎండ్‌ను పైకి ఒత్తిపెడితే టేపర్ పట్టుకుంటుంది, నట్టు వస్తుంది.

ఇక పాతది తిప్పి ఊడదీసేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టుకో, కాగితం మీద రాసుకో, అప్పుడే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. కొత్తది అన్నే చుట్లు బిగించు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పొడవులు సరిచూశావా, సరే. ఒక్క చుట్టు అటూ ఇటూ అయితే టైరు దగ్గర టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు, మిల్లీమీటర్లలో మారిపోతుంది. స్టడ్‌నీ, నకిల్ రంధ్రాన్నీ శుభ్రంగా తుడిచి, గ్రీజు గానీ నూనె గానీ పుయ్యకుండా పొడిగా కూర్చోబెట్టు, టేపర్ పట్టు అంతా ఆ పొడి ఇనుములోనే ఉంది. నట్టు సర్వీస్ మాన్యువల్లో చెప్పిన లెక్కకు టార్క్ పానాతో బిగించు. అప్పటికి పిన్ను రంధ్రం నట్టు గాడితో కలవకపోతే ఇంకాస్త బిగించి కలుపు, వెనక్కి వదులు చేసి కలపకు. పాత స్ప్లిట్ పిన్ను మళ్లీ వాడకు, ఇది ఎంత చిన్న విషయమో అంత గట్టిగా చెబుతున్నాను. పిన్నుకు బదులు లోపల నైలాన్ ఉండే నట్టు ఇస్తే అదీ అంతే, ఒక్కసారికే. చివరగా లాక్ నట్టు బిగించేటప్పుడు టై రాడ్ ఎండ్ ఒక పక్కకు ఒరిగిపోకుండా నిటారుగా పట్టుకో, రబ్బరు తొడుగు మెలి తిరగలేదని చూడు. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి ఏదీ దేనికీ రాసుకోవడం లేదని చూశాకే చక్రం వెయ్యి.

ర్యాక్ ఎండ్ అయితే? నువ్వు చెయ్యొద్దు. కష్టమని కాదు, దానికి వేరే టూల్ కావాలి, తొడుగు క్లిప్పు సరిగ్గా పడకపోతే వానాకాలానికి ర్యాక్‌లోకే నీళ్లు పోతాయి, అప్పుడు ఆ గ్యారేజీ కొటేషన్ నిజంగానే కట్టాల్సి వస్తుంది. లోయర్ ఆర్మ్ కూడా ఈసారికి వద్దు.

పని అయిన రోజే వీల్ అలైన్‌మెంట్‌కి తీసుకెళ్లు, "రేపు చూద్దాం" అనొద్దు. అక్కడికి వెళ్లేదాకా నలభై దాటించకు. అలైన్‌మెంట్ వాళ్లకు టై రాడ్ ఎండ్ కొత్తదని ముందే చెప్పు, స్టీరింగ్‌ని నడిమధ్య పెట్టి క్లాంపు వేశాకే టో సరిచెయ్యమను. కొందరు ఒక్క పక్కే తిప్పి అంకెలు పచ్చగా రాగానే పంపించేస్తారు, దాంతో బండి తిన్నగా పోతుంది గానీ స్టీరింగ్ వంకరగా ఉంటుంది. ప్రింటు అడిగి తీసుకో, ముందు అంకెలూ తర్వాతి అంకెలూ రెండూ ఉన్నది. అక్కడున్నప్పుడే ముందు టైర్ల మీద అరచేతితో లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి నిమిరి చూడు, ఒక దిక్కున నున్నగా, రెండో దిక్కున గరుకుగా తగిలితే ఆ టైర్లు ఇప్పటికే ఎంత తప్పు టోతో తిరిగాయో అర్థమవుతుంది, వాటిని వెనక్కి మార్పించు. వారం తిరిగాక చక్రం నట్లు, లాక్ నట్టు ఇంకోసారి బిగువు చూడు.

ఆదివారం మొదలుపెట్టకు. ఏ నట్టో పాడైతే ఆదివారం షాపులుండవు, సోమవారం ఆఫీసుకు బండి ఉండదు. శనివారం పొద్దున్నే పెట్టుకో, నేను షెడ్డులోనే ఉంటాను, నకిల్ దగ్గరికి చేరాక వీడియో కాల్ చెయ్.

నాన్న