విషయం: షేకర్‌తో పాటు ఇచ్చిన గణన నమూనా కొలతలతో సరిపోలకపోవడం

కస్టమర్ సర్వీసు విభాగం మేనేజరు గారికి,

ఆర్యా,

ఇసుక పెట్టెను వేగంగా తిప్పి దాని బరువును పెంచే మా ప్రయోగశాల సెంట్రిఫ్యూజ్‌కు మీరు సరఫరా చేసిన, ఆ పెట్టెను భూకంపంలా కుదిపే హైడ్రాలిక్ షేకర్ బాగానే ఊగుతోంది; ఎలా ఊగుతుందో ముందుగా చెప్పవలసిన మీ గణన నమూనాయే తప్పు చెబుతోంది.

మేము 50 జి (భూమి గురుత్వాకర్షణకు 50 రెట్లు) వద్ద చేసే పరీక్షలో 20 సెంటీమీటర్ల ఇసుక పొర 10 మీటర్ల నేలకు సమానం. 20 సెకన్ల భూకంపం 0.4 సెకనులో ముగుస్తుంది, 2 హెర్ట్జ్ కంపనం 100 హెర్ట్జ్ అవుతుంది, 0.2 జి త్వరణం 10 జి అవుతుంది. అంత కొద్ది వ్యవధిలో కుదుపును నడుమ సరిదిద్దుకునే వీలు ఉండదు కనుక, షేకర్‌లో నూనె ప్రవాహాన్ని నియంత్రించే సర్వో వాల్వుకు పంపే సంకేతాన్ని మీ నమూనాను నమ్మి ముందే సవరించుకుంటాం.

ఆ నమూనాలో షేకర్ ఖాళీ బల్ల బరువు మాత్రమే ఉంది. సిలిండరులోని నూనె స్ప్రింగులా పనిచేస్తుందనీ, అది మోసే ద్రవ్యరాశి రెట్టింపైతే సహజ ఫ్రీక్వెన్సీ దాదాపు 30 శాతం పడిపోతుందనీ మీ ఇంజినీర్లకు నేను చెప్పనక్కరలేదు. మా ఇసుక పెట్టె నిండితే ఇంచుమించు బల్లంత బరువు. మీరు సెంట్రిఫ్యూజ్ తిప్పకుండా, ఖాళీ బల్లతో చేసి చూపిన పరీక్షలో 140 హెర్ట్జ్ వద్ద ఉన్న అనునాదం (సహజ ఫ్రీక్వెన్సీ వద్ద ఊపు బాగా పెరిగిపోవడం), పెట్టె బిగించాక 100 హెర్ట్జ్ దగ్గరికి, అంటే మాకు కావలసిన కంపనం మీదికే వచ్చి కూర్చుంది. గత పరీక్షలో 10 జి కోరితే బల్ల అంచున అతికించిన త్వరణమాపకం 17 జి చూపింది. నీటికి 50 రెట్లు చిక్కనైన మిథైల్ సెల్యులోజ్ ద్రావణాన్ని శూన్యపీడనంలో బొట్టుబొట్టుగా ఎక్కించి ఐదు రోజులపాటు సిద్ధం చేసిన ఇసుక, మేము చూడదలచిన క్రమంలో మెత్తబడక, మొదటి రెండు ఊపుల్లోనే ద్రవీకరించింది.

పెట్టెను గట్టి దిమ్మెగా భావించి దాని బరువు కలుపుకోమని మీ కార్యాలయం జవాబిచ్చింది. మా పెట్టె ఒకదానిపై ఒకటి జారే చట్రాలతో కట్టినది. రంధ్రపీడనం (ఇసుక రేణువుల నడుమ ఉన్న ద్రవపు ఒత్తిడి) పెరిగి ఇసుక మెత్తబడేకొద్దీ పై పొరలు బల్లతో కలిసి కదలడం మానేస్తాయి. కుదుపు సాగుతుండగానే మారిపోయే భారాన్ని ఒక స్థిరసంఖ్యతో ఎలా పూడుస్తారు? షేకర్ ఎదురుతోపుకు, దాన్ని మోసే సెంట్రిఫ్యూజ్ బుట్ట కూడా కొంత వంగుతుంది. ఆ ఊసే మీ పత్రాల్లో లేదు.

మా కొనుగోలు ఉత్తర్వులో "నింపిన పెట్టెతో సహా" అన్న షరతు ఉంది. కాబట్టి వాల్వు, నూనె, బుట్ట, పెట్టె, మెత్తబడే ఇసుక కలిసిన నమూనాను 30 రోజుల్లోగా ఇచ్చి, 50 జి వద్ద నిండు పెట్టెతో మా ఎదుట పరీక్షించి చూపగలరు. పాత పరీక్షల ముడి కొలతలను మాత్రం ఈ వారమే పంపండి. ఇవి పూర్తయ్యేదాకా చివరి వాయిదా చెల్లింపు నిలిపి ఉంచుతున్నాం.

ఇట్లు,
ప్రయోగశాల బాధ్యుడు