జనవరిలో రా, వయొలిన్‌తో సహా

గచ్చిబౌలి,
కార్తీకం

ఒరే బావా,

ఫోన్లో చెప్పబోతే సగంలోనే "సరేలే, వచ్చాక చూద్దాం" అని పెట్టేస్తావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. చివరిదాకా చదివి, సెలవు ఎప్పుడు పెడుతున్నావో చెప్పు.

జనవరిలో వారం రోజులు వస్తానన్నావు. మంచిదే. తేదీలు ఖాయం చేసే ముందు మాత్రం పంచాంగంలో పుష్య బహుళ పంచమి ఎప్పుడొచ్చిందో చూడు. త్యాగరాజస్వామి ఆరాధన ఆ రోజు. చార్మినార్, గోల్కొండ ఎప్పుడైనా చూడొచ్చు, అవి ఎక్కడికీ పోవు. చలికాలంలో ఈ ఊళ్ళో జరిగే పాటా, ఆటా, నాటకం మాత్రం ఆ సాయంత్రానికి అక్కడ ఉన్నవాడికే దక్కుతాయి. నీ వారాన్ని వాటి చుట్టూ అల్లాలని నా ఆలోచన.

ముందు మా హైదరాబాద్ యూనివర్సిటీ క్యాంపస్ సంగతి. పోయినసారి వచ్చినప్పుడు బండరాళ్ళ దగ్గర ఫోటోలు దిగి, షాప్‌కామ్ అనే మా క్యాంపస్ దుకాణాల దగ్గర టీ తాగి, సాయంత్రం బండికి వెళ్ళిపోయావు. అసలైన చోటు నీకు చూపించనే లేదు. సరోజినీ నాయుడు కళలు, కమ్యూనికేషన్ స్కూలు. మేమందరం ఎస్.ఎన్. స్కూల్ అంటాం. కూచిపూడి, భరతనాట్యం, నాటకం, చిత్రలేఖనం, శిల్పం, ప్రింట్‌మేకింగ్ అన్నీ అక్కడే. నేను కెమిస్ట్రీ వాణ్ణే అయినా ల్యాబ్ పని అయ్యాక కాళ్ళు అటే లాగుతాయి. సాయంత్రం ఆ పక్కన నడిస్తే ఒక గదిలోంచి తాళం కర్ర చప్పుడు, జతులు చెప్పే గొంతు వినిపిస్తాయి. ఇంకో గదిలో ఎవరో ఒకే డైలాగు పది రకాలుగా అని చూసుకుంటుంటారు.

అక్కడ నేను అన్నిటికన్నా ఎక్కువగా ఎదురుచూసేది విద్యార్థులు చదువులో భాగంగా చేసే నాటకాలు. వాటికి హోర్డింగులుండవు. గోడ మీద ఒక కాగితం అంటిస్తారు, వాట్సాప్‌లో ఒక పోస్టర్ తిరుగుతుంది, అంతే. నెలల తరబడి రిహార్సల్ చేసి రెండు మూడు రాత్రులు మాత్రమే ఆడతారు. దర్శకుడు విద్యార్థే, లైట్లు పెట్టేదీ, మేకప్ వేసేదీ విద్యార్థులే. మణిపూర్ వాడు, కేరళ అమ్మాయి, ఖమ్మం కుర్రాడు ఒకే నాటకంలో ఉంటారు. ఎవరి మాట తీరు వాళ్ళది, అయినా ఎక్కడా అతుకు కనిపించదు. చిన్న హాల్లో మొదటి వరసలో కూర్చుంటే నటుడి ఊపిరి వినిపిస్తుంది. పెద్ద వేదికల మీద పేరున్న బృందాలవీ చూశాను గానీ, ఇంత వేడి నాకు అక్కడ తగల్లేదు. నువ్వు వచ్చే వారంలో ఏదైనా పడితే మిగతావన్నీ వదిలి దానికే వెళ్దాం. ఖాళీ లేకపోతే నేల మీద కూర్చుందాం.

ప్రింట్‌మేకింగ్ గురించి నీకు చెప్పాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. జింక్ రేకు మీద ఆమ్లం అంటని పూత పూసి, దాని మీద సూదితో గీస్తారు. గీసినచోట పూత పోయి లోహం బయటపడుతుంది. ఆ రేకును నైట్రిక్ ఆమ్లంలో ముంచితే గీతలున్నచోట మాత్రమే ఆమ్లం లోహాన్ని తింటుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతవుతుంది, కాగితం మీద నల్లగా పడుతుంది. త్వరగా తీస్తే వెంట్రుకంత పలచని గీత. నేను ల్యాబ్‌లో గ్లవ్స్ వేసుకుని భయభయంగా వాడే ఆమ్లంతో వాళ్ళు నీడలు గీస్తున్నారు! కె. లక్ష్మా గౌడ్ గారి ఎచింగులు చూశావు కదా, ఆ మేకలూ, పల్లె మనుషులూ, చెట్లూ. ఆయన ఈ స్కూల్లోనే చాలాకాలం పాఠం చెప్పారు. చదువు ముగించే విద్యార్థులు ఏడాది చివర పెట్టే ప్రదర్శన ఎండాకాలంలో వస్తుంది, నీ సెలవుకి అందదు. కానీ నువ్వొచ్చినప్పుడు స్టూడియోలోకి తొంగి చూసేందుకు అడుగుతాను. చూపిస్తారు, మంచి పిల్లలు.

ఈ స్కూలు కథ తెలియాలంటే ఒక పూట నాంపల్లి వెళ్ళాలి. మా యూనివర్సిటీ 1974లో మొదలైంది గచ్చిబౌలిలో కాదు, సరోజినీ నాయుడు ఇంట్లో. ఆ ఇంటి పేరు గోల్డెన్ థ్రెషోల్డ్. 1905లో లండన్‌లో అచ్చయిన ఆవిడ మొదటి కవితా సంపుటి పేరూ అదే. ఒక కవయిత్రి ఇంట్లో యూనివర్సిటీ పుట్టిందన్న సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. పైగా ఆ పక్కనే జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్ ఉంటుంది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టిన ప్రదర్శన అది. రద్దీ ఎక్కువ, నీకు పడదు. అత్తయ్యకి కాశ్మీరు శాలువా కొనుక్కుని బయటపడదాం.

ఇక పాట దగ్గరికొస్తాను. నవంబరు చివర్లో నువ్వు ఒక్క రాత్రికైనా వచ్చివెళ్ళగలవేమో చూడు. పండిట్ మోతీరామ్, పండిట్ మణిరామ్‌ల పేరిట సంగీత సమారోహ్ అప్పుడే జరుగుతుంది. పండిట్ జస్‌రాజ్ తన తండ్రి మీద, అన్న మీద భక్తితో 1972లో మొదలుపెట్టిన ఉత్సవం అది. తండ్రి మోతీరామ్ గారు 1934 నవంబరు 30న ఈ హైదరాబాదులోనే పోయారు, నిజాం ఆస్థాన విద్వాంసుడిగా నియామకం జరగాల్సిన సమయంలో. అప్పటికి జస్‌రాజ్‌కి నాలుగేళ్ళు. ఆ తర్వాత బడికి వెళ్ళే దారిలో ఒక టీ కొట్టు దగ్గర బేగం అఖ్తర్ గజల్ రికార్డు వింటూ బడి ఎగ్గొట్టి కూర్చునేవాడినని ఆయనే చెప్పుకున్నారు. ఎంత పెద్దవాడైనా, ఎన్ని దేశాలు తిరిగినా, తండ్రిని పోగొట్టుకున్న ఊరికి ఏటా వచ్చి పాడాడు చూడు, అది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. 2020లో ఆయన పోయారు. అయినా ఆ పేరు మీద జరిగే కచేరీలో కూర్చుంటే ఎవరు పాడుతున్నా నాకు ఆ కథే మనసులో మెదులుతుంది. బడే గులాం అలీ ఖాన్ చివరి రోజులు గడిపింది కూడా ఇక్కడే, బషీర్‌బాగ్‌లో. 1968లో పోతే ఈ ఊళ్ళోనే సమాధి చేశారు. హిందుస్తానీ అంటే ఉత్తరాదిదని మన వాళ్ళు దూరం పెడతారు గానీ, ఈ నేల మీద దానికి ఎంత చరిత్ర ఉందో!

ఇప్పుడు ఆరాధన. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. చలికాలంలో అక్కడ ఏ సాయంత్రం వెళ్ళినా ఏదో ఒకటి ఉంటుంది. ఒక రోజు పౌరాణిక పద్యాలు, ఒక రోజు లలిత సంగీతం, ఒక రోజు చిన్నపిల్లల కూచిపూడి. ఆరాధన నాడు ఊళ్ళో చాలాచోట్ల స్వామివారి పంచరత్న కీర్తనలు పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో. ఐదింటిలో మొదటిది సంస్కృతం, మిగిలిన నాలుగూ మన తెలుగు. అందరూ కలిసి పాడే ఆ గోష్ఠిగానంలో నాకు నచ్చేది ఏమిటంటే, అక్కడ వేదికకీ జనానికీ మధ్య గీత ఉండదు. పక్కనున్న పెద్దాయన పుస్తకం చూసి పాడతాడు, వెనక బామ్మగారు చూడకుండానే పాడుతుంది, ఎవరో అమ్మాయి వయొలిన్ మీద వాళ్ళని అనుసరిస్తుంది. ఆరభిలో "సాధించెనే" దగ్గరికి వచ్చేసరికి అందరి గొంతులూ ఒక్కసారి విచ్చుకుంటాయి. నువ్వు మన మాస్టారి దగ్గర ఆ కీర్తన ఎలా వాయించేవాడివో నాకు గుర్తుంది. పల్లవి, అనుపల్లవి దాటి చరణాల స్వరాలకి వచ్చినప్పుడల్లా నీ మొహం వెలిగిపోయేది.

అందుకే చెబుతున్నాను, వయొలిన్ తీసుకురా. బ్యాంకులో చేరాక పెట్టె తెరవలేదన్నావు. తీగలు తుప్పు పట్టి ఉంటాయని సాకు చెప్పకు, కొత్తవి ఇక్కడ వేయిద్దాం. కచేరీ చెయ్యమనడం లేదు. వంద మంది మధ్య వెనక వరసలో కూర్చుని వాయించు, తప్పిన స్వరం ఎవరికీ వినపడదు. చిన్నప్పటి నుంచి నేర్చుకున్న విద్యని లెడ్జర్ల కింద పెట్టేస్తే నా ప్రాణం ఒప్పుకోవడం లేదురా. ఫోన్లో వింటున్నానుగా అంటావు. చెవుల్లో పెట్టుకుని వినడం వేరు, చుట్టూ మనుషులు పాడుతుంటే వాళ్ళ శ్రుతిలో నీ చెయ్యి కలవడం వేరు. నాకంటే నీకే బాగా తెలుసు ఆ సంగతి.

సురభి నాటకం దొరికితే తప్పకుండా చూడాలి. రైలు దిగే లింగంపల్లి దగ్గరే సురభి కాలనీ ఉంది, ఆ నాటక కుటుంబాలు చాలా అక్కడే ఉంటాయి. 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో వనారస గోవిందరావు గారు కీచకవధతో ఈ నాటక సమాజాన్ని మొదలుపెట్టారు. అంతకుముందు వాళ్ళవి తోలుబొమ్మలాడించే కుటుంబాలు. ఆడవేషాలు మగవాళ్ళు కడుతున్న రోజుల్లోనే వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు వేదికెక్కారు. రంగురంగుల తెరలు, తాళ్ళ మీద గాల్లోంచి దిగే పాత్రలు, ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పులు కురిపించే బాణాలు. ఇప్పటి గ్రాఫిక్స్ చూసిన పిల్లలు కూడా నోరెళ్ళబెట్టి చూస్తారు. అయిదో తరం, ఆరో తరం వాళ్ళు ఇప్పటికీ అదే పని మీద బతుకుతున్నారు. హాలు నిండకపోతే నాకు బాధేస్తుంది. టికెట్ ధర ఎక్కువేం కాదు, సినిమాకి వెళ్ళే జనంలో పదో వంతు వచ్చినా వాళ్ళకి ఊరట. ఆ సమయానికి రవీంద్రభారతిలో వాళ్ళ ప్రదర్శన ఉందేమో రోజూ చూస్తూ ఉంటాను, ఉంటే ముందే టికెట్లు తీసి పెడతాను.

రవీంద్రభారతి అంటే గుర్తొచ్చింది. టాగూరు శతజయంతికి 1961లో తెరిచిన హాలది. అక్కడ పేరిణి నాట్యం దొరికితే వదలొద్దు. కాకతీయ గణపతిదేవుడి సేనాని జాయప రాసిన నృత్తరత్నావళిలో ఉన్న ఈ నాట్యానికి రామప్ప గుడి శిల్పాలు చూసి నటరాజ రామకృష్ణ గారు మళ్ళీ ప్రాణం పోశారు. మగవాళ్ళు మద్దెల హోరుకి అడుగులేస్తుంటే నేల అదిరినట్టు ఉంటుంది. ఈ మధ్య ఆడపిల్లలు కూడా నేర్చుకుంటున్నారు.

ఏ ప్లానూ లేని సాయంత్రం ఒకటి మిగిల్చి బంజారా హిల్స్‌లో లామకాన్‌కి వెళ్దాం. 2010లో ఒక కుటుంబం తమ ఇంటినే ఊరికి వదిలేసినట్టు తెరిచిపెట్టింది. అంత ఖరీదైన పేటలో చవగ్గా చాయ్, ఆరుబయట రాయి పక్కన బల్లలు, లోపల వేదిక. ఒక రోజు గజల్, మర్నాడు నాటకం, ఆ మర్నాడు ఏదో చర్చ. అక్కడ కచేరీ అయ్యాక పాడినవాళ్ళు మన బల్ల దగ్గరే కూర్చుని చాయ్ తాగుతారు. నీకు మాట కలపడం వచ్చు కాబట్టి బాగా ఉంటుంది.

జనవరిలోనే సాహిత్య ఉత్సవం కూడా ఉంటుంది, ప్రవేశం ఉచితం. నీ వారంలో పడితే ఒక పూట చూద్దాం. మా విద్యార్థి సంఘం చేసే సుకూన్ ఉత్సవం మాత్రం ఆ తర్వాతెప్పుడో. అది కుర్రకారు హోరు, రాత్రంతా స్పీకర్లు. నువ్వు దాన్ని చూడలేకపోయినా నాకేం బెంగ లేదు.

వచ్చే విధానం. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే లింగంపల్లిలో దిగుతావు, ముందు స్టేషన్లలో దిగి అవస్థ పడకు. అక్కడి నుంచి మా మెయిన్ గేటుకి ఆటో. గేటు దగ్గర పేరు రాయాలి, నేను వచ్చి తీసుకెళ్తాను. ఊళ్ళోకి వెళ్ళాలంటే రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే రవీంద్రభారతి నాలుగడుగులు. కచేరీలు ఆలస్యమైతే ఆఖరి మెట్రో తప్పుతుంది, అందుకని తిరుగు ప్రయాణానికి నా బండి ఉంచుతాను. రాత్రి పూట క్యాంపస్‌లో చెట్ల మధ్య చలి గట్టిగా ఉంటుంది, రాజమండ్రి చలి లెక్క వేసుకుని రాకు. మందంగా ఉన్న స్వెట్టర్ పెట్టుకో.

హాస్టల్లో నా రూమ్మేట్ సంక్రాంతికి ఊరెళ్ళి నెలాఖరుకి గానీ రాడు, మంచం ఖాళీ. మా గైడ్‌గారికి ముందే చెప్పి ఆ వారం సాయంత్రాలన్నీ ఖాళీ చేసుకుంటాను. పుష్య బహుళ పంచమి ఏ తేదీయో చూసి మెసేజ్ పెట్టు, దాన్నిబట్టి మిగతావి సర్దుతాను. అత్తయ్యకి, మామయ్యకి నా నమస్కారాలు. అత్తయ్యని సున్నుండలు చెయ్యమన్నానని చెప్పు, ఇక్కడ ఎస్.ఎన్. స్కూల్ పిల్లలకి కూడా పంచాలి, కాస్త ఎక్కువే చెయ్యమను.

నీ బావ